రాయబారి బిరుదు వదిలిన ర్యాపర్

1981 డిసెంబరు 31న ఘానాలో జెర్రీ రాలింగ్స్ నాయకత్వంలో సైనిక తిరుగుబాటు జరిగింది. ఆ తర్వాత విధించిన రాత్రి కర్ఫ్యూ 1982 నుంచి 1984 దాకా కొనసాగింది. కుదేలైన ఆర్థిక వ్యవస్థ, కరవు, దిగుమతి చేసుకునే వాద్యాల మీద భారీ సుంకాలు ఒకవైపు, చీకటి పడగానే తలుపులు మూసుకోవాల్సిన పరిస్థితి మరోవైపు కమ్ముకొచ్చేసరికి, అంతకుముందు మూడు దశాబ్దాలపాటు అక్రా నగరపు రాత్రులను మోగించిన హైలైఫ్ అనే సంగీత బాణీ వాయించే బృందాలు ఒక్కొక్కటిగా వాద్యాలు సర్దేసుకున్నాయి. రాత్రి కచేరీల మీద బతికే కళకు రాత్రే లేకుండా పోయింది. ఆ 1982లోనే అక్రాలో శామ్యూల్ బజావులే పుట్టారు. ఇరవై ఏళ్లు దాటాక అట్లాంటిక్ సముద్రానికి అవతల, న్యూయార్క్‌లో, ట్రంపెట్లూ ట్రాంబోన్లూ శాక్సఫోన్లూ ఉన్న ఒక బృందాన్ని కూడగట్టి, ‘బ్లిట్జ్ ది అంబాసిడర్’ అనే పేరుతో ర్యాప్ పాడిన వ్యక్తి ఆయనే. అంబాసిడర్ అంటే రాయబారి.

ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆయన జీవితంలో ఒక సూత్రం కనిపిస్తుంది. తాను పుట్టేనాటికే మూగబోయిన సంగీతాన్ని, దాన్ని ఎన్నడూ వినని నగరంలో, దానితో సంబంధమే లేదనిపించే ర్యాప్ ద్వారా తిరిగి మోగించడం ఆయన కళా జీవితంలో తొలి ఏళ్ల పని. ఆ పనికి అమెరికా సంగీత పరిశ్రమలోనూ, ఘానా సంగీత మార్కెట్లోనూ తగిన చోటు దొరకకపోవడం వల్లనే ఆయన కెమెరా వైపు మళ్లారు. సినిమా దర్శకుడిగా ఆయన పేరు ప్రపంచానికి తెలిశాక, ర్యాపర్‌గా గడిపిన కాలాన్ని కేవలం ఒక ముందుమాటగా చెప్పడం అలవాటైంది. అది సరైన అంచనా కాదు. సినిమాలో ఆయన చేసినదంతా పాటల దగ్గర చేతికి వచ్చినదే.

హైలైఫ్ గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. బ్రిటిష్ వలస పాలనలో సైనిక బ్యాండ్ల ద్వారా వచ్చిన ఇత్తడి వాద్యాలు, తీరప్రాంతపు గిటారు బాణీలు, అకాన్ ప్రజల తాళగతులు కలిసి ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో రూపుదిద్దుకున్న సంగీతమిది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇ.టి. మెన్సా నడిపిన టెంపోస్ బృందం దాన్ని పశ్చిమాఫ్రికా అంతటా వినిపించింది. 1957లో ఘానా స్వతంత్ర దేశమైనప్పుడు ఆ సంబరాలకు నేపథ్య సంగీతం అదే. కర్ఫ్యూ కాలంలో ఇంటి దగ్గర అణగారిన ఆ బాణీ పరాయి గడ్డ మీద వేషం మార్చుకుంది. జర్మనీకి వలస వెళ్లిన ఘానా సంగీతకారులు సింథసైజర్లతో, డ్రమ్ మెషీన్లతో దాన్ని మళ్లీ పాడారు. 1983లో జార్జ్ డార్కో పాట ఒకటి ఘానాలో విపరీతంగా ఆకట్టుకున్నాక దానికి ‘బర్గర్ హైలైఫ్’ అనే పేరు స్థిరపడింది. హాంబర్గ్ నగరం నుంచి వచ్చిన వలసదారులను అక్కడ బర్గర్లని పిలుస్తారు. పదేళ్ల తర్వాత లండన్ నుంచి తిరిగొచ్చిన రెజీ రాక్‌స్టోన్ ఘానాలోని ట్వి భాషలో ర్యాప్ చెప్పి ‘హిప్‌లైఫ్’కు నాంది పలికారు. అంటే ఘానా ఆధునిక సంగీతంలో పెద్ద మలుపులన్నీ వెళ్లినవాళ్లు, తిరిగొచ్చినవాళ్లు తెచ్చినవే. బజావులే ప్రయాణాన్ని ఒక ఒంటరి ప్రతిభావంతుడి కథగా చదివేవారు ఈ ఆనవాయితీని మరిచిపోతుంటారు.

ఆయనకు హిప్ హాప్ పరిచయమైంది అన్నయ్య ద్వారా. ఇంట్లోకి వచ్చిన అమెరికా ర్యాప్ బృందం పబ్లిక్ ఎనిమీ క్యాసెట్టు ఆయన చెవిని మార్చేసింది. న్యూయార్క్ పరిసరాల నల్లజాతి యువకుల కోపం అక్రాలోని ఒక కుర్రవాడికి ఎందుకు అంతగా పట్టిందన్న ప్రశ్నకు సమాధానం ఆ సంగీతపు నిర్మాణంలోనే ఉంది. పబ్లిక్ ఎనిమీ పాటలు అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందం వాయించిన డ్రమ్ముల ముక్కలను కత్తిరించి అతికించినవి. అదే జేమ్స్ బ్రౌన్ ఫంక్ సంగీతాన్ని హైలైఫ్‌తో, యోరుబా తాళాలతో కలిపి నైజీరియాలో ఫెలా కుటి ఆఫ్రోబీట్‌ను తీర్చిదిద్దారు. కాబట్టి ఆ క్యాసెట్టులోని లయ అక్రా కుర్రవాడికి పూర్తిగా పరాయిది కాదు. ఇంకొక మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. హిప్ హాప్ పుట్టుకకు ఆనవాలుగా చెప్పుకునే 1973 ఆగస్టు 11 నాటి న్యూయార్క్‌లోని బ్రాంక్స్ విందులో రికార్డులు తిప్పిన కూల్ హర్క్ కూడా జమైకా నుంచి పన్నెండేళ్ల వయసులో వచ్చిన వలస బాలుడే. ఈ కళ మొదటినుంచీ వలసదారుల చేతుల్లోనే పెరిగింది.

బజావులే చదివిన అచిమోటా పాఠశాల ఘానాలో పేరున్న సంస్థ. దాని చిహ్నంలో పియానో మీద ఉండే నలుపు, తెలుపు మీటలు కనిపిస్తాయి. నల్ల మీటలతో మాత్రమే గానీ, తెల్ల మీటలతో మాత్రమే గానీ ఒక రకమైన పాట వాయించవచ్చని, సంపూర్ణమైన నాదం కావాలంటే మాత్రం రెండూ ఉండాలని ఆ పాఠశాల స్థాపకుల్లో ఒకరైన జేమ్స్ అగ్రీ చెబుతూ ఉండేవారు. అగ్రీ స్వయంగా అమెరికాలో చదివి, అక్కడ పాఠాలు చెప్పి వచ్చిన మనిషి. అదే అచిమోటాలో చదువుకున్న క్వామే ఎన్‌క్రుమా కూడా 1935లో పెన్సిల్వేనియాలోని లింకన్ యూనివర్సిటీకి వెళ్లారు, తిరిగొచ్చి దేశానికి తొలి అధినేత అయ్యారు. 2000లో బడి చదువు పూర్తయ్యాక బజావులే కొంతకాలం హ్యామర్ అనే ప్రసిద్ధ హిప్‌లైఫ్ నిర్మాతతో పనిచేశారు, ఆ రోజుల్లో ట్వి ర్యాప్‌కు పెద్దపేరైన ఒబ్రఫోర్‌తో కలిసి పాడారు. అక్కడే ఉండిపోయి ఉంటే ఆయనకు స్థానికంగా మంచి భవిష్యత్తే ఉండేదని అనుకోవడానికి కారణాలున్నాయి. 2001లో ఆయన పాత అచిమోటా దారినే పట్టి అమెరికాకు విమానమెక్కారు.

ఒహాయో రాష్ట్రంలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో ఆయన బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ చదివారు. 1970లో వియత్నాం యుద్ధ వ్యతిరేక నిరసనలో నలుగురు విద్యార్థులు నేషనల్ గార్డ్ సైనికుల తూటాలకు బలైన క్యాంపస్ అదే. చదువు పేరుతో వెళ్లి, ఆ చదువు నీడలో మరో కల పెంచుకోవడమనే దారి తెలుగు కుటుంబాలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాడికి క్లాసులు ఎగ్గొట్టే వీలు ఉండదు, ఇష్టమొచ్చిన చోట ఉద్యోగం చేసే అనుమతీ ఉండదు. ఆయన కూడా డిగ్రీ పట్టా చేతికొచ్చేదాకా ఒహాయోలోనే ఉండి, ఆ తర్వాతే న్యూయార్క్ చేరారు. ఆయన వెళ్లిన కాలం కూడా గమనించదగినది. ఆఫ్రికాలో పుట్టి అమెరికాలో స్థిరపడినవారు 1970లో సుమారు 80,000 మంది ఉండగా, 2000 నాటికి 8,81,000కు, 2015 నాటికి 21 లక్షలకు పెరిగారు. 1990 నాటి వలస చట్టం ప్రవేశపెట్టిన డైవర్సిటీ వీసా లాటరీ ఈ పెరుగుదలకు ఒక ప్రధాన కారణం. నైజీరియా, ఇథియోపియా, ఈజిప్టులతో పాటు ఘానా కూడా ఆ వలసలో ముందు వరుసలో ఉంది.

విద్యార్థి దశ ముగిసే సమయంలో, 2005లో ఆయన సొంతంగా విడుదల చేసిన ఆల్బమ్ పేరు ‘డబుల్ కాన్షియస్‌నెస్’. ఈ మాట నల్లజాతి అమెరికన్ మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ 1903లో ప్రచారంలోకి తెచ్చినది. అమెరికాలోని నల్లజాతి మనిషి తనను తాను తన కళ్లతో చూసుకుంటూనే, తనను తక్కువగా చూసే ఇతరుల కళ్లతో కూడా చూసుకోవలసి రావడాన్ని డుబోయిస్ ఆ మాటతో వర్ణించారు. అదే డుబోయిస్ 93 ఏళ్ల వయసులో ఎన్‌క్రుమా ఆహ్వానం మీద 1961లో ఘానా వెళ్లి, 1963 ఆగస్టు 27న అక్రాలో కన్నుమూశారు. అమెరికా నుంచి అక్రాకు వెళ్లిన మేధావి మాటను అక్రా నుంచి అమెరికాకు వచ్చిన విద్యార్థి తన ఆల్బమ్‌కు పేరుగా పెట్టుకోవడంలో యాదృచ్ఛికం ఎంతో, ఉద్దేశం ఎంతో తేల్చాల్సిన పని లేదు. ఆ పేరు ఆయనకు అతికినట్టు సరిపోయింది, పైగా ఆయన విషయంలో చూపులు రెండు కాదు, మూడు. తెల్ల అమెరికా కళ్లకు ఆయన నల్లవాడు, నల్ల అమెరికా కళ్లకు ఆఫ్రికావాడు, ఘానాలోని కళ్లకు అమెరికా వెళ్లిపోయినవాడు.

మొదటి రెండు చూపుల మధ్య దూరం ఎంతో న్యూయార్క్‌లోని పశ్చిమాఫ్రికా వలసదారులకు బాగా తెలుసు. 1999 ఫిబ్రవరిలో గినీ దేశస్థుడైన 23 ఏళ్ల అమదు డియాలో బ్రాంక్స్‌లో తన ఇంటి వాకిట్లో నిలబడి ఉండగా నలుగురు పోలీసులు 41 తూటాలు పేల్చి చంపారు. ఆయన చేతిలో ఏ ఆయుధమూ లేదు. 2000లో ఆ నలుగురూ నిర్దోషులుగా విడుదలయ్యారు. తూటా ముందు ఉచ్చారణకూ పాస్‌పోర్టుకూ తేడా ఉండదని ఆ ఘటన చూపింది. పోలీసు కంటికి కనిపించని ఆ తేడా రికార్డు కంపెనీ కంటికి మాత్రం ఇట్టే కనిపించేది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో పెద్ద కంపెనీల లెక్కలో ర్యాప్ అంటే ఒక నిర్దిష్టమైన వీధి, ఒక నిర్దిష్టమైన యాస, ఒక నిర్దిష్టమైన వేషం. ఘానా ఇంగ్లిష్‌లో, పిజిన్ అనే కలగలుపు ఇంగ్లిష్‌లో, ట్విలో మార్చి మార్చి పలికే ర్యాపర్‌ను ఏ అరలో పెట్టి అమ్మాలో ఆ లెక్కకు తెలియదు. ఆఫ్రికా సంగీతానికి వాళ్ల దగ్గర ఉన్న ఏకైక అర ‘వరల్డ్ మ్యూజిక్’, అందులో ర్యాప్‌కు చోటు లేదు.

బిజినెస్ చదువు అక్కడ అక్కరకొచ్చింది. ఎవరో వచ్చి అర తయారు చేస్తారని ఎదురుచూడకుండా, ఆయన న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో సొంత రికార్డు లేబుల్ పెట్టుకున్నారు, ‘ఎంబసీ ఎన్‌సెంబుల్’ పేరుతో వాద్యబృందాన్ని తయారు చేసుకున్నారు. ఎంబసీ అంటే రాయబార కార్యాలయం. వినడానికి సరదాగా ఉన్నా, ఆ పేరులో ఒక లెక్క ఉంది. రాయబార కార్యాలయం పరాయి దేశంలో ఉన్నా, అనుమతి లేకుండా ఆ దేశపు అధికారులు లోపలికి అడుగుపెట్టలేరు, లోపలి వ్యవహారం సొంత దేశమే చూసుకుంటుంది. వేదిక మీద ఆయన చేసింది అదే. ఒక మైకు, ఒక డీజే, అప్పటికే రికార్డు చేసిన బాణీ ఉంటే చాలు, ర్యాప్ కచేరీ అతి తక్కువ ఖర్చుతో నడిచిపోతుంది. అరడజను మందికి పైగా వాద్యకారులను వెంటేసుకుని తిరగడమంటే విమానం టికెట్ల నుంచి హోటల్ గదుల దాకా ప్రతి ఖర్చూ అన్ని రెట్లు పెరుగుతుంది. డబ్బు కోణంలో చూస్తే అది తెలివితక్కువ నిర్ణయం. సంగీతం కోణంలో చూస్తే మాత్రం ఆయనను వందల మంది ఇతర ర్యాపర్ల నుంచి వేరు చేసింది అదొక్కటే. పాత రికార్డుల నుంచి కత్తిరించి అతికించే శాంప్లింగ్‌లో ముక్కలుగా వినిపించే ఇత్తడి వాద్యాలను ఆయన ఊపిరున్న మనుషుల చేత నేరుగా వాయించారు. పల్లవి దగ్గర ట్రంపెట్లు హైలైఫ్ పంథాలో ఊగుతుంటే, చరణం దగ్గర డ్రమ్ములు బ్రూక్లిన్ వైపు తిరుగుతాయి.

2009లో వచ్చిన ‘స్టీరియోటైప్’ ఈ పద్ధతికి తొలి రూపం. 2011లో వచ్చిన ‘నేటివ్ సన్’ దాని పరిణతి. రెండో పేరు వినగానే అమెరికన్ పాఠకుడికి రిచర్డ్ రైట్ 1940 నాటి నవల గుర్తుకొస్తుంది, ఒక్క అక్షరం మార్చి ‘స్వదేశీ పుత్రుడు’ను ‘స్వదేశీ సూర్యుడు’గా చేయడం ఆ శీర్షికలోని చమత్కారం. అంతకుముందు పాటల్లో ఆఫ్రికా ఒక వాదనగా వినిపిస్తే, ‘నేటివ్ సన్’లో అది ఒక ఊరుగా, వీధిగా, మాటతీరుగా వినిపిస్తుంది. ట్వి పదాలు అలంకారాలుగా తగిలించినట్టు ఉండవు, ఆలోచన ఏ భాషలో వస్తే ఆ భాషలోకి పాట సాఫీగా జారుతుంది. ఆ ఆల్బమ్‌తో పాటే ఘానాలో చిత్రీకరించిన ఒక లఘుచిత్రం కూడా వచ్చింది. అప్పట్లో అది పాటల ప్రచారానికి తీసినదిగానే కనిపించి ఉంటుంది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే దర్శకుడి తొలి అడుగు అక్కడే పడిందని తెలుస్తుంది.

ఈ సంగీతానికి శ్రోతలు ఎక్కువగా దొరికింది ఐరోపాలో. ‘నేటివ్ సన్’ను, దాని తర్వాతి ఆల్బమ్‌ను అక్కడ విడుదల చేసింది జర్మనీలోని కొలోన్ నగరానికి చెందిన జకార్తా రికార్డ్స్ అనే చిన్న సంస్థ. ప్రభుత్వాల, నగరపాలికల సాయంతో నడిచే వేసవి సంగీతోత్సవాలు ఐరోపాలో ఎన్నో ఉన్నాయి, వాటికి రేడియోలో మోగిన పాట కంటే వేదికను కదిలించగల బృందం ముఖ్యం. బర్గర్ హైలైఫ్ పుట్టిన జర్మనీయే ముప్పై ఏళ్ల తర్వాత మరో ఘానా వలస సంగీతానికి ఆసరా ఇచ్చింది. అయితే ఆ ఉత్సవాలకు కూడా ఒక షరతు ఉంటుంది. అక్కడికి వచ్చే ప్రేక్షకుడు ఆఫ్రికా కళాకారుడి నుంచి ఎండ, రంగు, నృత్యం కోరుకుంటాడు. అమెరికా పరిశ్రమ దగ్గర ఆఫ్రికా ఎక్కువైందన్న అభ్యంతరం ఎదురైతే, ఇక్కడ ఆఫ్రికా చాల్లేదన్న అభ్యంతరం ఎదురవుతుంది. బాకాల బృందం ఈ రెండో ప్రేక్షకుడికి పండగ వాతావరణం అందిస్తుండగానే, ఆ మోత మధ్య ఆయన వీసాల గురించి, గనుల గురించి, బానిస వ్యాపారం గురించి చెప్పాలనుకున్నది చెప్పేశారు.

2014లో వచ్చిన ‘ఆఫ్రోపాలిటన్ డ్రీమ్స్’ ఆ దశలో అన్నిటికంటే పెద్ద ప్రయత్నం. బెనిన్ గాయని ఆంజెలిక్ కిడ్జో, ఫెలా కుమారుడు షెయున్ కుటి, నైజీరియా-జర్మనీ మూలాలున్న నెకా వంటివారు అందులో గొంతు కలిపారు. న్యూయార్క్‌లో అడుగుపెట్టే ఘట్టంతో మొదలై, బతుకు పోరాటం మీదుగా సాగే ఒక వలస మనిషి కథగా ఆ పాటల వరుసను అమర్చారు. ఒక పాటకు డికెంబే ముటోంబో పేరు పెట్టారు. కాంగో నుంచి చదువు కోసం అమెరికాకు వచ్చి, బాస్కెట్‌బాల్ దిగ్గజంగా ఎదిగి, ప్రత్యర్థి వేసిన బంతిని అడ్డుకున్న ప్రతిసారీ వేలు అటూ ఇటూ ఊపి చూపించే ఆ ఆటగాడి కంటే వలసదారుడి ధీమాకు మంచి ప్రతీక దొరకడం కష్టం. ఆల్బమ్ పేరులోని మాట మీద మాత్రం అప్పటికే వివాదం నడుస్తోంది. 2005లో రచయిత్రి తైయే సెలాసి ఒక వ్యాసంలో ప్రచారంలోకి తెచ్చిన ‘ఆఫ్రోపాలిటన్’ అనే పదం లండన్, న్యూయార్క్, అక్రాల మధ్య సునాయాసంగా తిరిగే చదువుకున్న ఆఫ్రికన్ యువతను వర్ణిస్తుంది. టికెట్ కొనుక్కోగలిగినవాళ్ల గుర్తింపును ఖండమంతటికీ పులుముతున్నారని కెన్యా రచయిత బిన్యవంగ వైనైనా వంటివారు దాన్ని గట్టిగా విమర్శించారు. ఆ విమర్శలో న్యాయముంది. బజావులే ఆ పదాన్ని వాడుకుంటూనే, దాని పక్కన ‘డ్రీమ్స్’ అని చేర్చడం వల్ల కొంత తప్పించుకోగలిగారు. కల అనేసరికి అది ఇంకా చేతికి అందలేదని ఒప్పుకున్నట్టే.

ఆయన ర్యాప్‌కు ఉన్న పరిమితిని కూడా దాచకుండా చెప్పుకోవాలి. చెప్పవలసిన విషయం బరువు వల్ల కొన్ని పాటలు పాఠాల్లా వినిపిస్తాయి, చరిత్ర పుస్తకంలోని పేర్లు వరుసగా దొర్లుతాయి గానీ ఒక మనిషి ముఖం కంటికి కట్టదు. ఒక్క పాటతో దేశమంతా ఊగిపోయే విజయం ఆయనకు అమెరికాలో దక్కలేదు. ఘానాలో పరిస్థితి ఇంకా విచిత్రం. ఆయన ఐరోపా వేదికల మీద తిరుగుతున్న కాలంలోనే అక్రాలో అజోంటో అనే నృత్యం ఊపందుకుంది, ఇంటిపట్టునే ఉండి ట్విలో మెరుపువేగంతో ర్యాప్ చెప్పే సార్కోడీ దేశపు అగ్రతారగా ఎదిగి, 2012లో అమెరికా టీవీ సంస్థ బెట్ ఇచ్చే ఆఫ్రికా పురస్కారాన్ని నైజీరియా గాయకుడు విజ్‌కిడ్‌తో కలిసి అందుకున్నారు. ఖండం దాటి వెళ్తే తప్ప ప్రపంచానికి వినిపించదన్న లెక్క యూట్యూబ్ రాకతో తిరగబడింది. రాయబారి విదేశంలో దేశాన్ని పరిచయం చేస్తున్న సమయంలో, దేశమే నేరుగా తన గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టింది. అలాంటప్పుడు రాయబారి చేయాల్సిన పని ఏం మిగులుతుంది?

ఇతర వలస ర్యాపర్లతో పోలిస్తే ఆయన ఎంచుకున్న దారి ప్రత్యేకత మరింత తెలుస్తుంది. అమెరికాలో పుట్టి సెనెగల్‌లో బాల్యం గడిపిన ఏకాన్ 2004 నుంచి వరుస విజయాలు సాధించారు, అయితే ఆ పాటల బాణీ అమెరికన్ రేడియోకు అచ్చంగా సరిపోయే బాణీయే. డకార్‌లో చాద్ దేశపు తల్లిదండ్రులకు పుట్టి పసికందుగా ఫ్రాన్స్ చేరిన ఎంసీ సోలార్‌కు 1991 నాటి తొలి ఆల్బమ్‌తోనే ఫ్రాన్స్ అంతటా పేరొచ్చింది. ఫ్రెంచి భాష మీద ఆయన పట్టును దేశం తన సొత్తుగా చూసుకుంది. రేడియోల్లో 40 శాతం పాటలు ఫ్రెంచివే ఉండాలన్న 1994 నాటి చట్టం అక్కడి ర్యాప్‌కు పెద్ద అండగా నిలిచింది. అమెరికాలో ఇంగ్లిష్ ర్యాప్‌కు అలాంటి రక్షణ అవసరమూ లేదు, వలస ర్యాపర్‌ను అక్కున చేర్చుకోవాల్సిన అగత్యమూ పరిశ్రమకు లేదు.

2016లో వచ్చిన ‘డయాస్పొరాడికల్’ ఆల్బమ్ దగ్గర పాటకూ సినిమాకూ మధ్య గోడ కూలిపోయింది. దానికి అనుబంధంగా ఆయన తీసిన మూడు భాగాల చిత్రం అక్రా, బ్రూక్లిన్, బ్రెజిల్‌లోని బహియా రాష్ట్రం మధ్య తిరుగుతుంది, అది 2019లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం నిర్వహించే ద్వైవార్షిక ప్రదర్శనలో చోటు సంపాదించింది. అక్రాకూ బహియాకూ ఉన్న సంబంధం కల్పన కాదు. బ్రెజిల్‌లో బానిసత్వం నుంచి బయటపడి 1830లలో సముద్రం దాటి తిరిగొచ్చిన కుటుంబాల వారసులు ఇప్పటికీ అక్రాలో ‘టాబోం’ ప్రజలుగా ఉన్నారు. పోర్చుగీసులో కుశలం అడిగినప్పుడు ‘బాగున్నాం’ అని చెప్పే మాట నుంచే ఆ పేరు వచ్చిందంటారు. వెళ్లడం, రావడం అనేవి ఆ నగరానికి కొత్త కాదన్న విషయాన్ని పాటలో చెబితే వివరణ అవుతుంది, తెర మీద చూపితే వివరణ అక్కర్లేకుండా పోతుంది. కెమెరా ఆయనకు ఇచ్చిన వెసులుబాటు ఇదే.

తొలి పూర్తి నిడివి చిత్రం ‘ది బరియల్ ఆఫ్ కోజో’ 2018లో పూర్తయింది. నిర్మాణానికి కొంత డబ్బు ఇంటర్నెట్‌లో జనం ఇచ్చిన చందాల నుంచి వచ్చింది. సంగీతం కూడా ఆయనే సమకూర్చారు. పాడుబడిన గని గోతిలో చిక్కుకున్న తండ్రిని కూతురు వెతుక్కుంటూ వెళ్లే ఈ కథకు నేపథ్యం గలామ్సే. అనుమతి లేకుండా సాగే చిన్న తరహా బంగారు తవ్వకాలను ఘానాలో ఆ పేరుతో పిలుస్తారు. నదులను బురదగా మార్చేసి, గోతులు కూలి మనుషులను మింగేసే ఈ తవ్వకాల్లోకి చైనా యంత్రాలు, పెట్టుబడి దిగాక పరిస్థితి మరింత దిగజారింది. 2013లో ప్రభుత్వం వేల మంది చైనీయులను దేశం నుంచి పంపించేసింది. ఇంత రాజకీయం ఉన్న విషయాన్ని ఆయన నివేదికలా చెప్పలేదు. నీటి మీద గుంజలు పాతి కట్టుకున్న ఎన్‌జులెజో గ్రామం, తలకిందులుగా కనిపించే సముద్రం, ఒక పిట్ట రూపంలో వచ్చే దుశ్శకునం వంటివాటితో బామ్మ చెప్పే కథలా నడిపించారు. ర్యాప్ పాటల్లో పాఠంలా వినిపించిన లోపం ఇక్కడ పూర్తిగా మాయమైంది. దర్శకురాలు ఎవా డువెర్నే నడిపే అరే సంస్థ దాన్ని తీసుకుని 2019 మార్చి 31న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదల చేసింది. ఆ ఏడాదే ఆఫ్రికా మూవీ అకాడమీ పురస్కారాల్లో ఉత్తమ తొలి చిత్ర దర్శకుడి గౌరవం ఆయనకు దక్కింది.

ఈ దశలోనే ఆయన పేరు కూడా మారింది. ‘ది అంబాసిడర్’ తొలగిపోయి, ఇంటిపేరు వచ్చి చేరింది. అప్పటి నుంచి ఆయన బ్లిట్జ్ బజావులే. బిరుదు పోయి ఇంటిపేరు మిగలడాన్ని చిన్న విషయంగా కొట్టిపారేయలేం. రాయబారి ఎప్పుడూ ఇంకొకరి తరఫున మాట్లాడతాడు, అతడి మాటకు వెనక దేశమంతా నిలబడి ఉన్నట్టు లెక్క. ర్యాపర్‌గా ఆయన మోసిన బరువు అదే. కథకుడికి ఆ బరువు ఉండదు, ఒక్క కోజో కథ చెబితే చాలు.

2020 జులైలో వచ్చిన బియాన్సే దృశ్యకావ్యం ‘బ్లాక్ ఈజ్ కింగ్’ దర్శక బృందంలో ఆయన కూడా ఒకరు. ఆ తర్వాత వచ్చిన ‘ది కలర్ పర్పుల్’ మాత్రం పూర్తిగా ఆయన భుజాల మీదే పడింది. అలిస్ వాకర్ 1982లో రాసిన నవలకు స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1985లో తీసిన సినిమా ఒక రూపమైతే, 2005లో బ్రాడ్‌వే రంగస్థలం మీదికొచ్చిన సంగీత నాటకం రెండోది, దాని ఆధారంగా 2023 డిసెంబరు 25న విడుదలైన ఈ సినిమా మూడోది. జార్జియా రాష్ట్రపు నల్లజాతి స్త్రీల వేదనను చెప్పే అమెరికన్ కథను ఘానా వాడి చేతికి ఇవ్వవచ్చా అన్న సందేహం సహజంగానే రేగింది. ఆ సందేహానికి తెర మీద దొరికే జవాబు సంగీతంలోనే ఉంది. నోరు విప్పలేని కథానాయిక సీలీ పాత్రకు ఆయన ఒక ఊహాలోకాన్ని ఇచ్చారు, ఆ లోకంలో ఒక సన్నివేశమంతా గిరగిరా తిరుగుతున్న భారీ గ్రామఫోన్ పళ్లెం మీద నడుస్తుంది. రికార్డులు తిప్పే డీజేల కళలో పెరిగిన మనిషికే తట్టే ఊహ అది. తొలిరోజే అమెరికాలో సుమారు 1.8 కోట్ల డాలర్లు వసూలు చేసి, 2009 తర్వాత క్రిస్మస్ రోజున అంతటి ఆరంభం దక్కిన సినిమాగా నిలిచింది. ఆ జోరు తర్వాతి వారాల్లో తగ్గింది. ఆస్కార్ నామినేషన్ ఒక్కటే, సహాయనటి డేనియల్ బ్రూక్స్‌కు వచ్చింది.

ఆ సినిమా పనుల మధ్యలోనే, 2022లో, ఆయన తొలి నవల ‘ది సెంట్ ఆఫ్ బర్న్‌ట్ ఫ్లవర్స్’ వెలువడింది. అలబామాలో జాతివిద్వేషపు ఘటన నుంచి తప్పించుకుని పారిపోయిన ఒక నల్లజాతి జంట 1966లో ఘానా చేరుతుంది. అంటే ఇక్కడ వలస ఆయన వచ్చిన దారికి ఎదురు దిక్కున, డుబోయిస్ వెళ్లిన దిక్కున నడుస్తుంది. ఆ ఏడాది ఫిబ్రవరి 24న ఎన్‌క్రుమా విదేశీ పర్యటనలో ఉండగా సైన్యం ఆయన్ను పదవి నుంచి కూలదోసింది, నవల ఆ రోజుల అంచున సాగుతుంది. ఆ జంటకు దారిలో తారసపడి, వాళ్ల కథలో చిక్కుకునే ముఖ్యపాత్ర క్వెసి క్వేసన్ ఒక హైలైఫ్ సంగీతకారుడు. అధ్యక్షుడి ఎదుట కచేరీ చేయడానికి అతడు బయలుదేరి వెళుతుంటాడు. అక్రా రాత్రుల్లో అప్పటికింకా కర్ఫ్యూ లేదు.